రౌతా, రావుతా?

జయనగర్ నుంచి:
మా అమ్మమ్మ మాట ఒకటి వారం నుంచి బుర్రలో తిరుగుతోంది. నేను హోంవర్క్ ఎగ్గొట్టినప్పుడల్లా అమ్మ వైపు చూసి, “రావుతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో...” అనేది. నడుస్తుందా, కుంటుతుందా? చివరి మాట ఎంతకీ గుర్తు రావడం లేదు. ఆవిడ ‘రా’ని బాగా సాగదీసేది. గుర్రమెక్కేవాణ్ణి అందరూ రాసేది రౌతు అనే కదా?

మల్లేశ్వరం:
‘నడుస్తుంది’ అనే విన్నాను. కానీ అసలు సంగతి ఆ ‘రా’లోనే ఉందండీ. రాజపుత్ర ప్రాకృతంలో రాఉత్త అయింది, మనకు రాహుత్తు, రావుతు, రౌతు అయింది. విజయనగర రాజుల బిరుదు ‘రాయరాహుత్తమిండ’ తలచుకోండి. అమ్మమ్మగారి పలుకే పాతది.

యలహంక:
మా తెలంగాణలో రౌతంటే రాయి. చిన్నప్పుడు మామిడికాయలు రౌతుతోనే కొట్టేవాళ్ళం. రౌతులపూడిలో ఉన్నవి కూడా రాళ్ళేనని నా నమ్మకం.

మల్లేశ్వరం:
రౌతులపూడి కాకినాడ జిల్లాలోది. ఆ వైపు రాయిని రౌతనగా నేనెప్పుడూ వినలేదు. ఉత్తరాంధ్రలో రౌతు ఇంటిపేరు కూడా. రాళ్ళను ఇంటిపేరుగా పెట్టుకుంటారా?

యలహంక:
‘రాళ్ళపల్లి’ ఇంటిపేరు కాదా మరి?

ఫ్రేజర్ టౌన్:
ఆ సాగదీత కన్నడ ‘రావుత’ది కావచ్చు, కన్నడ భారతం రాసిన కుమారవ్యాసుడి యుద్ధాల నిండా వాళ్ళే. అమ్మమ్మది ఏ ఊరు? తమిళంలో భక్తకవి అరుణగిరినాథర్ అయితే మురుగన్‌ని ‘మయిలేఱుం ఇరావుత్తనే’ అని పిలిచాడు. ఎక్కింది నెమలి, అయినా రౌతే! చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. మా నాన్న ఇప్పటికీ బెంగళూరు కామరాజ్ రోడ్డును పాత పేరుతో కావల్రీ రోడ్డనే అంటాడు. కావల్రీకి తెలుగైన ఆశ్వికదళం అనే మాట మాత్రం ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

బసవనగుడి:
సుమతీ శతకం బద్దెనను మరిచారేం? ‘మోహరమున దా నెక్కిన బాఱని గుర్రము’. మోహరం అంటే యుద్ధం. శత్రువు మీదికొస్తుంటే కింద గుర్రం కదలదు. రౌతు పేరెత్తకుండానే రౌతు ప్రాణసంకటం చెప్పాడు. సామెతలో తప్పు రౌతుది, ఇక్కడ గుర్రానిది. నా ఓటు బద్దెనకే.

జయనగర్ నుంచి:
అమ్మమ్మది హోసూరండీ. ఇప్పుడే ఫోన్ చేశాను. అమ్మ ‘కుంటుతుంది’ అంది, పిన్ని ‘నడుస్తుంది’ అని పట్టుపట్టింది. ఇద్దరూ ‘రావుతు’ అనే అన్నారు.