గోడకి ఆనించి పెట్టే చిన్న స్పీకర్లు ఏవి మంచివి?

బెంగళూరు, మారతహళ్లి. ముగ్గురం ఉండే ఫ్లాట్, హాలు 10 అడుగులకి 14. టీవీ పక్కన చెక్క అర లోతు 11 అంగుళాలే. పోయిన నెల 5 అంగుళాల వూఫర్ (బేస్ పలికే కోన్) ఉన్న జత కొన్నాను. బేస్ పోర్టు, అంటే డబ్బాలోంచి గాలి బయటికొచ్చే రంధ్రం, వెనకవైపు ఉంది, గోడకి 2 అంగుళాల ఎడం కూడా రాలేదు. మృదంగం వేస్తే నీళ్ల డ్రమ్ము దొర్లించినట్టే! పోర్టులో పాత సాక్సు కుక్కాను, కింద రబ్బరు ముక్కలు పెట్టాను, ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) బేస్ 4 డెసిబెల్స్ తగ్గించాను. మోత తగ్గింది గానీ, రాత్రి పది దాటాక సౌండ్ తగ్గిస్తే సినిమాలో మాటలు వినబడవు. పైగా హాల్లో ఈ నల్ల డబ్బాలేంటని రూమ్మేట్ల గోల. నిజమే, బాగాలేవు.

ఆంప్ 50 వాట్లు, 8 ఓమ్స్‌కి. బడ్జెట్ 25 వేలు. వెనక పోర్టు లేకుండా, 9 అంగుళాల లోతు లోపు, చెక్క రంగులో, తక్కువ సౌండ్‌లోనూ మాటలు స్పష్టంగా వినిపించే జత మీరు వాడినవాటిలో ఏది?