పీఎం కిసాన్: నాన్న పోయాక డబ్బులు ఆగిపోయాయి, ఎవరికైనా ఇలా అయిందా?

మూడెకరాలు:
నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పేరు మీద నాలుగు నెలలకోసారి 2,000 పడేవి. విరాసత్ (వారసత్వ మార్పిడి) చేయించి పాసుపుస్తకం అమ్మ పేరు మీదకు మార్చాం, అమ్మ పేరుతో కొత్తగా అప్లై కూడా చేశాం. స్టేటస్ చూస్తే ల్యాండ్ సీడింగ్ (అంటే భూమి వివరాలు పథకానికి జతచేయడం) దగ్గర 'నో' అని వస్తోంది. మీసేవలో అడిగితే వ్యవసాయ ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికెళ్తే తహసీల్దార్ ఆఫీసు అంటారు. తిరిగిన రోజల్లా కూలి పోతోంది. అమ్మకు టెన్షన్.

పత్తిచేను:
మా పెద్దమ్మకు అచ్చం ఇలాగే అయింది తమ్ముడూ. 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూమికి ఈ పథకం వర్తించదు, వారసత్వంగా వస్తేనే వర్తిస్తుంది. పాసుపుస్తకం మీద కొత్త తేదీ ఉంటుంది కాబట్టి, కొన్నది కాదు, వారసత్వంగా వచ్చిందని మనమే చూపించాలి. మరణ ధ్రువపత్రం, విరాసత్ కాగితం, నాన్నగారి పాత పాసుపుస్తకం జిరాక్సులు కలిపి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) చేతికే ఇవ్వు. ఇచ్చి వచ్చేయకు, ఆన్‌లైన్‌లో ఎక్కించేదాకా అడుగుతూనే ఉండు. మాకు రెండు నెలలు పట్టింది. నాన్నగారి పేరు తీసేయమని కూడా రాసివ్వు. పోయినవారి ఖాతాలో పడిన డబ్బు తర్వాత వెనక్కి కట్టమంటారు.

బోరుబావి:
ఇంకో మాట. ఈకేవైసీకి (ఆధార్‌తో మనిషిని సరిచూసే పనికి) అమ్మగారి వేలిముద్రలు పడకపోతే దిగులు పడకండి. కలుపు తీసీ తీసీ మా అమ్మ వేళ్లు అరిగిపోయాయి, మిషన్ ఐదుసార్లు వద్దంది. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది, ఇంట్లోనే అయిపోయింది. డబ్బు ఏ బ్యాంకులో పడుతుందో కూడా చూసుకోండి. ఆధార్ చివరగా ఏ ఖాతాకు లింకయితే అందులోకే వెళ్తుంది. మేము మూడు విడతలు రాలేదనుకుని ఏడ్చాం, తీరా చూస్తే పాత ఖాతాలో ఉన్నాయి.

మిరపతోట, గుంటూరు జిల్లా:
నేను కౌలుకు చేస్తాను. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకే, మాకు రాదు. మా ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ కింద కౌలు రైతుకూ ఇస్తామన్నారు, దానికి సీసీఆర్సీ కార్డు (కౌలుకు సాగు చేస్తున్నట్టు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం) కావాలి. కార్డుకు 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. అది పదకొండు నెలల కాగితమే, హక్కు ఎక్కడికీ పోదని ఎంత చెప్పినా వినలేదు. పెట్టుబడి నాది, అప్పు నాది, తెగులొస్తే నష్టమూ నాదే.

మూడెకరాలు:
అందరికీ దండాలు. రేపే జిరాక్సులు తీసుకుని ఏఈఓ దగ్గరికి వెళ్తున్నా.
మిరపతోట అన్నా, మీ మాట చదివాక మనసు ఆగలేదు. మా మూడెకరాల్లో ఒక ఎకరం పక్కింటి బాబాయి కౌలుకు చేస్తున్నాడు. ఆ ఎకరానికి సీజన్‌కు 6,000 మా తెలంగాణ రైతు భరోసా వచ్చేది మా పాసుపుస్తకం మీదే. ఈసారి పడగానే ఆయనకే ఇద్దామని అమ్మతో అన్నాను. సరే అంది.