‘ఎనమ్’ని తెలుగులో ఏమందాం: గణన రకమా, ఎంపిక రకమా?

ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో రాస్తూ ‘ఎనమ్’ (enum) దగ్గర ఆగిపోయాను. ఇది లెక్కపెట్టడం అనే అర్థమున్న enumeration అనే ఇంగ్లీషు మాటకు పొట్టిరూపం. ‘గణన రకం’ అని రాశాను గానీ మనసొప్పలేదు. ‘సిగ్నల్’ అనే రకాన్ని (డేటా టైప్) నిర్వచించి, అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మూడు పేర్లు పెట్టామనుకోండి. ఆ రకం చలరాశి ఎప్పుడు చూసినా ఈ మూడింటిలో ఒకటై ఉండాలి. ఇందులో లెక్కపెట్టేదేముంది? పేరుపేరునా చెప్పి, వీటిలోంచే ఒకటి ఎంచుకోమంటున్నాం. ‘ఎంపిక రకం’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు:
గణన తప్పుమాటేమీ కాదండీ. సీ భాషలో మనం వేరే చెప్పకపోతే మొదటి పేరుకు 0, తర్వాతిదానికి 1, అలా వరసగా అంకెలు పడతాయి. ఆ వరసను నమ్ముకుని నేనొకసారి దెబ్బతిన్నాను. ఆర్డర్ స్థితికి ‘వచ్చింది, పంపాం, చేరింది’ అని మూడు పేర్లు పెట్టి, ఫైల్లో వాటి అంకెలే దాచాను. కొన్నాళ్లకు ‘వచ్చింది’ తర్వాత ‘ప్యాక్ చేశాం’ అని ఇరికించాను. పాత రికార్డుల్లో 1 ఉన్నవన్నీ, ఎప్పుడో పంపేసినవి, ప్యాకింగ్ దగ్గరే ఉన్నట్టు కనబడ్డాయి. చేరినవేమో దారిలో ఉన్నాయంది ప్రోగ్రాం. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కిమ్మనలేదు. సీలో ఆ చలరాశికి 7 ఇచ్చినా ఊరుకుంటుంది. జావా భాషలో 2004లో 5వ వెర్షన్‌తో వచ్చిన ఎనమ్ అలా ఒప్పుకోదు, అక్కడ అంకె అంకే, పేరు పేరే.

అందుకని నేనూ ‘ఎంపిక’ వైపే. పైగా ఆ మాటలో లెక్క కూడా దాగి ఉంది. ఎంచడమంటే లెక్కించడమూ, ఏరుకోవడమూ రెండూను. దాని తోడిమాట ‘ఎన్ను’ కూడా అంతే. వేమన ‘తప్పులెన్నువారు’ అన్నప్పుడు ‘ఎన్ను’ లెక్కపెట్టడమే, మనం నాయకుణ్ణి ఎన్నుకుంటే అదే ‘ఎన్ను’ ఏరుకోవడం. పెంచు నుంచి పెంపు వచ్చినట్టే ఎంచు నుంచి ఎంపు, ఎంపిక. ‘గణన’ అంటే ఈ రెండో అర్థం పోతుంది.

అడిగినవారు:
ఎంచు సంగతి నాకు తట్టనేలేదు, చాలా సంతోషం. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకీ ఇదే నప్పుతుంది. అక్కడ ‘ఆకారం’ అనే ఎనమ్‌లో వృత్తం తన వ్యాసార్ధాన్ని, దీర్ఘచతురస్రం తన పొడవు వెడల్పులను వెంటబెట్టుకుని వస్తాయి. ఏ పేరైతే ఏం చేయాలో చెప్పే ‘మ్యాచ్’ రాసేటప్పుడు ఒక్కదాన్ని మరిచినా కంపైల్ కాదు. ‘ఎంపిక రకం’ అనే రాస్తాను. మరి లోపలి ఒక్కో పేరునూ ఏమనాలి? ‘సభ్యుడు’ అంటే మనిషిలా ఉంది. ‘ఎంపిక’ అనేస్తే సరిపోతుందా?