సగ్రాద ఫమీలియా: గౌడీ పోయాక కట్టిందీ గౌడీదేనా?

రాతిగుమ్మం:
బార్సిలోనా అనగానే అందరూ చూపించే చర్చి ఇది. దీని మీద ఓ మిత్రుడితో రెండు రోజులుగా తగవు నడుస్తోంది, మీరైనా తేల్చండి. 1882లో పునాది పడింది. మొదటి ఆర్కిటెక్టు మరుసటేడే తప్పుకుంటే పని ఆంటోని గౌడీ చేతికొచ్చింది. 1926 జూన్‌లో ట్రామ్ గుద్ది ఆయన పోయేనాటికి లేచింది పావు వంతు కూడా కాదు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలవగానే అల్లరిమూక ఆయన వర్క్‌షాపు మీద పడింది. ప్లాన్లు కాలిపోయాయి, ప్లాస్టర్ నమూనాలు ముక్కలయ్యాయి. అయినా ఇవాళ అక్కడున్నదంతా గౌడీ ఖాతాలోనే వేస్తున్నారు. 1926లోనే ఆపేసి, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడాల్సిందని నా వాదన. 1965లో లె కొర్బూజియే లాంటి పేరున్న ఆర్కిటెక్టులు కూడా ఆపేయమని బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు.

తిక్కనపక్షం:
నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేసి పోయాడు. భారతం కూడా అక్కడే ఆపేయాల్సిందంటారా? విరాటపర్వం నుంచి తిక్కన అందుకున్నాడు, మధ్యలో మిగిలింది ఎర్రన పూరించాడు. ముగ్గురినీ కలిపి కవిత్రయం అంటున్నాం, ఎవరికీ నొప్పి లేదు. పైగా ఇది తన జీవితంలో పూర్తి కాదని గౌడీకి తెలుసు.

రాతిగుమ్మం:
తిక్కన ముందు వ్యాసుడి మూలం ఉందండీ. ఇక్కడ మూలమే బూడిదైంది.

సున్నపుచేతులు:
పూర్తిగా బూడిద కాలేదు. ఆ ప్లాస్టర్ ముక్కల్ని ఏరి, ఏళ్ల తరబడి అతికించారు. అసలు సంగతి అక్కడే ఉంది. గౌడీ వంపులు చెయ్యి తిరిగినట్టు గీసినవి కావు. కొన్ని నిటారు పుల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, పై అంచు పట్టుకుని మెలితిప్పండి. నడుము సన్నబడి ఓ ఆకారం వస్తుంది. పుల్లలు తిన్నగానే ఉంటాయి, వంపు మాత్రం కనిపిస్తుంది. హైపర్బొలాయిడ్ అంటారు. చర్చి లోపల కప్పూ కిటికీలూ చాలావరకు ఈ జాతి ఆకారాలే. అంటే విరిగిన ముక్కలో వంపు కొలత దొరికితే మిగతాది లెక్కలో లాగొచ్చు. తర్వాత విమానాల డిజైనుకు వాడే సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే పని చేశారు. కాబట్టి చెట్టు కొమ్మల్లా చీలే ఆ స్తంభాలు గౌడీవి కావంటే నేనొప్పుకోను.

శిల్పాల దగ్గరికొస్తే కథ వేరు. క్రీస్తు శ్రమల ముఖద్వారం మీద బొమ్మల్ని 1980ల చివర్లో సుబిరాక్స్ అనే శిల్పి మొదలుపెట్టాడు. గౌడీని అనుకరించను, స్వేచ్ఛ ఇస్తేనే చేస్తానని ముందే చెప్పి మరీ ఒప్పుకున్నాడు. కోణాలు తేలిన బిగుసుకుపోయిన మనుషులు. అప్పట్లో దానిమీద నిరసనలూ జరిగాయి. నాకైతే భలే నచ్చుతాయి.

పై పోలికే సాగదీస్తే, ఎర్రన తాను పూరించిన భాగాన్ని నన్నయ గొంతులోనే ఎత్తుకుని, రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. స్తంభాలు కట్టినవాళ్లు ఎర్రనలు. సుబిరాక్స్ తిక్కన.

పక్కవీధి:
కవిత్రయం బాగానే ఉంది గానీ మయ్యోర్కా వీధిలో కాపురాల మాటేమిటి? మిగిలిన ప్రధాన ముఖద్వారానికి భారీ మెట్లు రావాలంటే ఎదురుగా ఉన్న అపార్టుమెంట్లు పోవాలి. అక్కడి జనం ఏళ్లుగా కొట్లాడుతున్నారు. ఇంకో తమాషా: మొన్నమొన్నటి దాకా ఈ కట్టడానికి సరైన అనుమతే లేదు! 1885లో ఎప్పుడో దరఖాస్తు పెట్టారు, జవాబు రాలేదు. చివరికి 2019లో 46 లక్షల యూరోలు కట్టి లైసెన్సు తెచ్చుకున్నారు. మనం ఓ గది ఎక్కువ వేస్తే ఊరుకుంటారా?

తిక్కనపక్షం:
ఆ మెట్లు గౌడీ ఆలోచనే అని చర్చివాళ్లు చెబుతున్నారు కదా.

పక్కవీధి:
కాలిపోయిన ప్లాన్లు మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం భద్రంగా దొరికాయన్నమాట.

సున్నపుచేతులు:
😄 ఈ ఒక్క విషయంలో నేనూ పక్కవీధి గారి వైపే. ఎత్తు విషయంలో చూడండి: మధ్య గోపురం 172.5 మీటర్లే ఉండాలన్నాడు గౌడీ. బార్సిలోనాలోని మొంజూయిక్ కొండ దేవుడు చేసింది, దాన్ని మనిషి కట్టింది మించకూడదని. కొండకే తగ్గినవాడు నాలుగు ఇళ్లకు తగ్గేవాడు కాదా?

రాతిగుమ్మం:
సరే, స్తంభాల విషయంలో వెనక్కి తగ్గుతున్నా, ఆ లెక్క సంగతి నాకు తెలీదు. కానీ ఏది ఎవరిదో చెప్పే బోర్డులు ప్రతి ముఖద్వారం దగ్గరా కొట్టొచ్చినట్టు కనబడాలి.

తిక్కనపక్షం:
బోర్డెందుకండీ? పాత రాయి నల్లబడింది, కొత్తది తెల్లగా ఉంది. ఫొటోలోనే తెలుస్తోంది.

రాతిగుమ్మం:
ఇంకో వందేళ్లకు అదీ నల్లబడుతుంది. అందుకే ఇప్పుడే పెట్టమంటున్నా.