అన్నయ్య హెచ్‌ఎస్‌ఏ డబ్బుతో అమ్మకి ఇన్‌సోల్స్ చేయించొచ్చా?

మల్కాజిగిరి_లత:
అమ్మకి 67 ఏళ్లు. మూడు నెలలుగా మడమ నొప్పి, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సిందే, వంటింటి దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది. ప్లాంటార్ ఫేషియైటిస్ (అరికాలి కింద పొర వల్ల వచ్చే మడమ నొప్పి) అని చెప్పి డాక్టర్ గారు పాదం కొలత తీసి చేసే ఇన్‌సోల్స్ (చెప్పులు, బూట్లలో వేసుకునే మెత్తలు) రాశారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య "నా హెచ్‌ఎస్‌ఏలో డబ్బు ఊరికే పడి ఉంది, బిల్లు పంపు, అందులోంచి కట్టేస్తా" అంటున్నాడు. హెచ్‌ఎస్‌ఏ అంటే అమెరికాలో వైద్య ఖర్చుల కోసం ట్యాక్స్ లేకుండా డబ్బు దాచుకునే ఖాతా. రేపు తనకి ట్యాక్స్ గొడవ రాదు కదా అని టెన్షన్‌గా ఉంది.

అమీర్‌పేట_రిటర్న్:
వద్దని చెప్పండమ్మా. డాక్టర్ రాసిన ఇన్‌సోల్స్‌కి ఆ డబ్బు వాడొచ్చు, కానీ ఎవరి కోసం అన్నదే ముఖ్యం. ఖాతాదారు, భార్య లేదా భర్త, ట్యాక్స్ లెక్కలో వాళ్ల మీద ఆధారపడినవాళ్లు, అంతే. అమెరికా పౌరసత్వం లేకుండా హైదరాబాద్‌లో ఉండే తల్లి, కొడుకే పోషిస్తున్నా సరే, ఆ లెక్కలోకి రారు. ఆ ఖాతా కార్డు గీకినా, ముందు చేతి డబ్బు కట్టి తర్వాత ఆ ఖాతా నుంచి వెనక్కి తీసుకున్నా ఒకటే. మీ అన్నయ్యకి 65 ఏళ్లు నిండకపోతే ఆ మొత్తం మీద ఇన్‌కమ్ ట్యాక్స్‌తో పాటు అదనంగా 20 శాతం కట్టాలి. మామూలు బ్యాంకు ఖాతా నుంచి పంపమనండి, ఏ తలనొప్పీ ఉండదు.

మల్కాజిగిరి_లత:
థాంక్స్ అండీ, ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా. అన్నయ్యకీ మడమ నొప్పే, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడే చేయించుకుంటే?

అమీర్‌పేట_రిటర్న్:
తన కోసమైతే నిక్షేపంగా వాడుకోవచ్చు, వైద్యం అమెరికాలోనే జరగాలని లేదు. డాక్టర్ చీటీ, తన పేరు, తేదీ ఉన్న బిల్లు జాగ్రత్త చేసుకోమనండి. మామూలు బూట్లు కొని అందులో కలపొద్దు.

కోఠి_శ్రీను:
లతక్కా, అమ్మగారికి హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే, మీరు పాత ట్యాక్స్ విధానంలోనే ఉంటే, ఆమె వైద్య ఖర్చుకి ఇక్కడి మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఏడాదికి 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. నగదు ఇస్తే మాత్రం చెల్లదు, యూపీఐ చేసి బిల్లు దాచండి. ఇంకోటి, మా అమ్మ కూడా ఇంట్లో మార్బుల్ మీద వట్టి కాళ్లతోనే తిరిగేది, ఖరీదైన ఇన్‌సోల్స్ బయటి చెప్పుల్లోనే ఉండిపోయాయి. కోఠిలో సర్జికల్ షాపులో మెత్తటి ఎంసీఆర్ (ఒక రకం మెత్తని రబ్బరు) చెప్పులు కొని, వాటిని ఇంట్లోకే అని విడిగా పెట్టాక నొప్పి తగ్గింది. సైజు సాయంత్రం పూట చూడండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.