అరవై ఎనిమిదేళ్ళ అమ్మని గురుడోంగ్మార్ తీసుకెళ్ళొచ్చా?

ఉప్పల్ సతీష్: మేలో సిక్కిం ప్లాన్. నాన్న రానన్నారు. అమ్మకి 68, బీపీ మాత్ర వేసుకుంటుంది. రాత్రి లాచెన్‌లో పడుకుని తెల్లారేలోపు గురుడోంగ్మార్ సరస్సుకి, మర్నాడు యుంథాంగ్ వేడినీటి బుగ్గలకి. ట్రావెల్స్ వాళ్ళు 'ఏం కాదు సార్, అందరూ వస్తారు' అంటున్నారు.

మియాపూర్ మామయ్య: వద్దు. సరస్సు దాదాపు 17,800 అడుగుల ఎత్తులో ఉంది. లాచెన్ 9,000 దగ్గర. ఒక్క పొద్దుట్లో అంత పైకి ఎక్కిస్తారా, బీపీ మనిషిని?

అల్వాల్ అక్క: అక్కడ ఉండేది అరగంటేగా! మా అత్తగారికి 70. కర్పూరం రుమాల్లో కట్టి వాసన చూపించాం, శుభ్రంగా తిరిగొచ్చారు.

నాచారం చాయ్: పాప్‌కార్న్ కూడా తినమంటారు అన్నా.

మియాపూర్ మామయ్య: కర్పూరానికీ ఆక్సిజన్‌కీ ఏం సంబంధమమ్మా? గాలిలో ఆక్సిజన్ ఇక్కడా 21 శాతమే, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంలో ఉన్నదాంట్లో అక్కడ సుమారు సగమే. కర్పూరం పీలిస్తే ముక్కు చల్లబడి ఊపిరి ఆడినట్టు అనిపిస్తుంది, అంతే. చిక్కంతా అక్కడే.

అల్వాల్ అక్క: మీరు డాక్టరా?

మియాపూర్ మామయ్య: కాదు. నాన్నని అక్కణ్ణుంచి ఎత్తుకుని కార్లో పడేసినవాణ్ణి. దారిలో థాంగు అనే ఊరు దాటగానే తలనొప్పి అన్నాడు. డ్రైవర్ ఇచ్చిన కర్పూరం వాసన చూసి 'తగ్గిందిరా, పద' అన్నాడు. సరస్సు దగ్గర దిగి పదడుగులు వేశాడో లేదో పెదాలు నీలం తిరిగాయి. నన్ను చూసి 'డ్రైవర్, బండి తియ్యి' అన్నాడు. నన్ను! కిందికి దిగాకే మళ్ళీ పేరు పెట్టి పిలిచాడు.

నాచారం చాయ్: భద్రాచలం దగ్గర గుండాలలోనూ వేడి నీళ్ళున్నాయి కదా, అంత దూరం ఎందుకు?

అల్వాల్ అక్క: తమ్ముడూ, నువ్వాగు. మామయ్యగారూ, మీ బాధ అర్థమైంది. మా అమ్మని మాత్రం 'నీకెందుకు, రూములో ఉండు' అని లాచెన్‌లో వదిలేసి మా అన్నయ్యలు సరస్సు చూసొచ్చారు. సాయంత్రం ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే అమ్మ మొహం తిప్పేసుకుంది. ఎత్తు సంగతి తర్వాత. సతీష్, అసలు మీ అమ్మని అడిగారా?

మియాపూర్ మామయ్య: నేనూ అడిగాను. 'వస్తా' అన్నాడు. కొడుకు అంత డబ్బు పెట్టాక ఏ తండ్రి రానంటాడమ్మా?

ఉప్పల్ సతీష్: ఇప్పుడే అమ్మని అడిగా. సరస్సు పేరు కూడా గుర్తులేదు. 'వేడి నీళ్ళలో మోకాళ్ళు పెట్టుకోవచ్చన్నావే, అదెప్పుడు?' అంది. లాచెన్ తీసేసి, యుంథాంగ్ దారిలో ఉన్న లాచుంగ్‌లో రెండు రాత్రులు ఉంటే?

మియాపూర్ మామయ్య: అలా అయితే మంచిదే. యుంథాంగ్ 12,000 అడుగుల లోపే. అయినా డాక్టర్‌కి చెప్పి వెళ్ళండి.

అల్వాల్ అక్క: బుగ్గ దగ్గరికి నది మీద వంతెన దాటి నడవాలి, చెయ్యి పట్టుకోండి. నీళ్ళలో గంధకం ఉంటుంది. మెట్టెలు తీసెయ్యమనండి, వెండి నల్లబడుతుంది.

ఉప్పల్ సతీష్: మెట్టెలు తియ్యదక్కా. నల్లబడితే చింతపండుతో తోముకుంటుందట.