రీల్ సీటుకు ఐదు నిమిషాల ఎపాక్సీ చాలా, చాలదా?

వడ్డేపల్లి గాలం

చేత్తో చేపల గాలం రాడ్లు కట్టుకునే అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. పోయిన మే నెలలో జరిగింది చెప్తాను, తర్వాత మీరు చెప్పండి.

మత్స్యకారుల సంఘం వాళ్ల దగ్గర పర్మిషన్ తీసుకుని ధర్మసాగర్ చెరువుకు పోయాను. దారిలో భోజనానికి ఆగినప్పుడు రాడ్డు రెండు గంటల పాటు కారు వెనక అద్దం కిందే ఉంది. గట్టు మీదికి చేరిన పది నిమిషాలకే బొచ్చె చేప పడింది. గట్టిగా లాగేసరికి రీల్ సీటు, అంటే రీల్‌ను బిగించే భాగం, బ్లాంక్ (రాడ్డు అసలు కట్టె) మీద గిర్రున తిరిగింది. గాలం దారం పోయే రింగులు, అదే గైడ్లు, పైకి, రీల్ పక్కకి. చేప పోయింది. సీటు కిందికి తొంగి చూస్తే అంచున కనిపించే జిగురు గోరుతో నొక్కితే దిగబడుతోంది, రబ్బరు లాగా. రాత్రి ఇంటికొచ్చి మళ్లీ నొక్కితే రాయిలా ఉంది. అప్పుడు అర్థమైంది, జిగురు ఊడిపోలేదు, వేడికి మెత్తబడింది.

అది ఐదు నిమిషాల్లో పట్టుకునే ఎపాక్సీ, ఒక ట్యూబులో రెజిన్, ఇంకోదాంట్లో హార్డెనర్, రెండూ కలిపితే గట్టిపడే జిగురు. నేను అంటున్నది ఒక్కటే. మన దగ్గర రీల్ సీటుకు, పిడికి ఆ తొందర జిగురు అసలు వాడకూడదు. ఒక రాత్రంతా పట్టే నిదానపు ఎపాక్సీనే వాడాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కాజీపేట లేత్

అన్నా, మీ చేప పోయినందుకు బాధగానే ఉంది కానీ మీ మాట ఒప్పుకోను. ఆరేళ్లుగా తొందర జిగురుతోనే కడుతున్నాను. పద్నాలుగు రాడ్లు అయ్యాయి, ఒక్క సీటు కదల్లేదు.

మీరు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. బ్లాంక్‌కు, సీటుకు మధ్య సందు ఎంత? ఆ సందు దేనితో నింపారు? మాస్కింగ్ టేపు చుట్టి ఉంటారు. టేపు అంచు నుంచి అంచు దాకా చుట్టేస్తే జిగురు అతుక్కునేది కాగితానికి, బ్లాంక్‌కు కాదు. బ్లాంక్ మీది మెరుపు 220 నంబర్ సాండ్ పేపర్‌తో తేలికగా గీకారా? సీటు లోపలి గోడ గీకారా? స్పిరిట్ గుడ్డతో తుడిచారా? ఈ మూడూ చేయకపోతే ఏ జిగురైనా ఊడుతుంది.

నిదానపు జిగురుతో ఇంకో కష్టం ఉంది. అది గట్టిపడేలోపు కారుతుంది, సీటు జరుగుతుంది. రాత్రి గైడ్ల వరసకు సూటిగా పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి వంకరగా ఉంటుంది. అప్పుడు సీటు కోసి తీయడం తప్ప దారి లేదు. తొందర జిగురైతే చేతిలో పట్టుకుని, కంటితో చూస్తూ, సరిగ్గా ఉందనిపించాకే వదిలేస్తాం.

వడ్డేపల్లి గాలం

గీకాను, తుడిచాను. టేపు మాత్రం దాదాపు మీరన్నట్టే, రెండు వెడల్పాటి చుట్లు, మధ్యలో వేలెడంత ఖాళీ. అది నా తప్పే. కానీ టేపు తప్పయితే చల్లగా ఉన్నప్పుడూ ఊడాలి కదా? డిసెంబరులో అదే రాడ్డుతో రెండు కిలోల రవ్వ చేపను తీశాను, సీటు మిల్లీమీటరు కదల్లేదు.

మంచిర్యాల కెమిస్ట్రీ

నేను పాఠాలు చెప్పుకునే మనిషిని, రాడ్లు కట్టింది నాలుగే. అయినా ఇది నాకు తెలిసిన విషయం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

గట్టిపడిన ఎపాక్సీకి ఒక ఉష్ణోగ్రత గీత ఉంటుంది. గీతకు కింద గాజులా బిగుసుకుని ఉంటుంది, గీత దాటితే తోలులా మెత్తబడుతుంది, చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది. దీన్ని టీజీ అంటారు. వడ్డేపల్లి అన్న గోరుతో నొక్కి చూసింది ఇదే. తొందర జిగుళ్లలో ఎక్కువగా మెర్‌కాప్టాన్ రకం హార్డెనర్ ఉంటుంది. మూత తీయగానే వచ్చే కుళ్లు వాసన దానిదే. అది వేగంగా పట్టుకుంటుంది కానీ ఆ గీత తక్కువలో ఉంటుంది, నీళ్లకు తట్టుకోవడమూ తక్కువే. నిదానపు రకాల్లో హార్డెనర్ వేరు, అవి వేడికీ నీటికీ మెరుగ్గా నిలుస్తాయి. బయట 43 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు, అద్దాలు మూసిన కారు లోపల 60 దాటడం మామూలే. నల్ల రాడ్డు మీద నేరుగా ఎండ పడితే ఇంకా పైకి పోతుంది.

కానీ ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఏ ఎపాక్సీకైనా ఆ గీత, గట్టిపడినప్పటి గది వేడి కంటే మరీ ఎక్కువ పైన ఉండదు. జిగురులోని అణువుల గొలుసులు అల్లుకుంటూ పోయి, పదార్థం బిగుసుకోగానే ఇక కదలలేక అల్లిక ఆగిపోతుంది. కాస్త వేడి తగిలితే కదలిక వచ్చి అల్లిక ముందుకు సాగుతుంది. అందుకే చల్లటి ఏసీ గదిలో కట్టిన రాడ్డు కంటే, ఏప్రిల్‌లో రేకుల షెడ్డులో కట్టిన రాడ్డు జిగురు ఎండను ఎక్కువ ఓర్చుకుంటుంది. మనం తిట్టుకునే ఎండే ఇక్కడ మనకు సాయం చేస్తుంది. నిదానపు జిగురు పెట్టి, అది మొదట బిగుసుకునే దాకా నీడలో ఉంచి, తర్వాత ఒకట్రెండు రోజులు వెచ్చటి గదిలో ఉంచండి. తేడా మీకే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. వేడిలో కలిపిన జిగురు పనికి అందే సమయం తగ్గిపోతుంది. సుమారుగా పది డిగ్రీలు పెరిగితే సగమవుతుందని లెక్క. 25 డిగ్రీల దగ్గర అరగంట దొరికితే, మే మధ్యాహ్నం పావుగంట కూడా దొరకదు. కలిపింది గిన్నెలో కుప్పగా ఉంచొద్దు, దాని వేడికి అదే ఉడికిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ మీద పలచగా పరవండి.

తొందరగా పట్టాలని హార్డెనర్ ఎక్కువ వేసేవాళ్లను కూడా చూశాను. ఫైబర్ పడవల పాలిస్టర్ రెజిన్‌లో కేటలిస్ట్ పెంచితే వేగం పెరుగుతుంది, ఆ అలవాటు ఇక్కడికి తెస్తున్నారు. ఎపాక్సీలో హార్డెనర్ కూడా గొలుసులో భాగమే. ఎక్కువైతే మిగిలిపోయి మెత్తగా ఉంటుంది. సమానంగా అని రాసి ఉంటే సమానంగానే. కొలత పరిమాణంలో ఉంటే తూకం వేయకండి, రెండింటి సాంద్రత ఒకటి కాదు.

మానేరు కొత్తవాడు

సార్, నేను కరీంనగర్ దగ్గర. ఇప్పుడే మొదటి రాడ్డు కడుతున్నా. కొసన పెట్టే చివరి రింగు, టిప్ టాప్‌కు కూడా ఇదే నిదానపు ఎపాక్సీ పెట్టాలా? టెన్షన్‌గా ఉంది, ఒక్కటే బ్లాంక్ ఉంది.

కాజీపేట లేత్

తమ్ముడూ, టిప్ టాప్‌కు వద్దు. కొసనే ముందు పాడవుతుంది. దాని పింగాణీ రింగు పగిలిందంటే గాలం దారం కోసుకుపోతుంది, మార్చాల్సిందే. వేడికి కరిగే గ్లూ స్టిక్ వాడు. లైటర్‌తో గ్లూ ముక్కను కరిగించి కొసకు పూసి, టిప్ టాప్‌ను వెచ్చ చేసి ఎక్కించు. బ్లాంక్‌కు మాత్రం మంట నేరుగా తగలనివ్వకు, కార్బన్ లోపలి రెజిన్ మాడుతుంది. రేపు మార్చాలంటే మళ్లీ కాస్త వెచ్చ చేస్తే వచ్చేస్తుంది.

కొత్తవాడ మగ్గం

జిగురు గొడవలో దారాన్ని అందరూ మరిచిపోయారు. మా ఇంట్లో మూడు తరాల నుంచి శత్రంజీలు నేస్తున్నాం కాబట్టి నాకు ముందు దారమే కనిపిస్తుంది.

గైడ్ కాలు మీద చుట్టే నైలాన్ దారాన్ని చాలామంది బిగించి బిగించి చుడతారు. అంత బిగువు కార్బన్ గోడకు మంచిది కాదు. పైగా పోగులు ఒకదానికొకటి అంత ఒత్తుకుంటే, పైన పూసే ఎపాక్సీ పూత, అదే ఫినిష్, లోపలికి దిగదు. చుట్టాక గైడ్‌ను బొటనవేలితో నెట్టితే కాస్త కష్టంగా జరగాలి, అంతే బిగువు. మిగతా పట్టు ఎపాక్సీ ఇస్తుంది.

రంగు దారం మీద నేరుగా ఎపాక్సీ వేస్తే దారం తడిసినట్టు నల్లబడి పారదర్శకంగా మారుతుంది. రంగు నిలవడానికి ముందు కలర్ ప్రిజర్వర్ పూస్తారు. నేను పూయను. అది పోగుల మధ్య నిండితే ఎపాక్సీకి చోటుండదు, పట్టు పైపైనే ఉంటుంది. రంగు కావాలంటే రంగు మారని రకం దారమే కొనండి, లేదంటే ముదురు ఎరుపు వేసి మెరూన్ అయిందని సంతోషపడండి. అది కూడా అందంగానే ఉంటుంది.

ఫినిష్ ఎప్పుడూ పలచగా రెండు పొరలు. ఒకే మందపాటి పొర వేస్తే మధ్యలో ఉబ్బి అంచుల్లో జారుతుంది, రాడ్డు వంగినప్పుడు గైడ్ కాలి దగ్గర చీలుతుంది. సిరంజితో కొలిచేవాళ్లు రబ్బరు పిస్టన్ లేనివి చూసుకోండి. రబ్బరుకు రాసిన సిలికాన్ ఫినిష్‌లో కలిస్తే చేప కళ్లలాంటి గుంటలు పడతాయి, ఎంత పూసినా అక్కడ నిలవదు. ఫినిష్ ఆరేదాకా కారకుండా రాడ్డును తిప్పడానికి పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు చాలు, నిమిషానికి ఐదారు చుట్లు. కరెంటు పోతే మాత్రం చేత్తో తిప్పుతూ కూర్చోవాలి. నేను ఒక రాత్రి రెండు గంటలు అలాగే కూర్చున్నాను.

వానాకాలంలో అసలు వేయొద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని కడగకుండా రెండో పొర వేస్తే అది పెచ్చులుగా లేస్తుంది. ఎండకు ఎపాక్సీ పసుపెక్కడం వేరే సంగతి, దాన్ని పూర్తిగా ఎవరూ ఆపలేరు.

ఏటూరునాగారం వెదురు

మీరంతా కార్బన్ గురించే మాట్లాడుతున్నారు. నేను గట్టి వెదురుతో కడతాను. కాక చూపించి సరిచేసి, నీడలో ఆరబెట్టి, తర్వాతే పని. నా కట్టెల మీద ఎపాక్సీ ఒక్క చుక్క ఉండదు.

వెదురు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. దాని మీద గాజు పలక లాంటి మందపాటి ఎపాక్సీ కూర్చోదు, రెండేళ్లకు పగుళ్లిస్తుంది. పడవలకు వేసే స్పార్ వార్నిష్ అయితే కట్టెతో పాటు వంగుతుంది. మొదటి పొర టర్పెంటైన్‌తో పలచన చేసి పీల్చనివ్వాలి, రోజుకొక పొర చొప్పున ఇంకో మూడు. గీత పడితే అక్కడే రుద్ది మళ్లీ పూస్తే సరిపోతుంది. ఎపాక్సీకి ఆ వీలుందా? లక్క పాలిష్ మాత్రం వద్దు, నీళ్లు తగిలితే తెల్లబడుతుంది.

రీల్ సీటు గొడవ కూడా నాకు లేదు. కార్క్ పిడి మీద రెండు జారుడు రింగులు, వాటి కింద రీల్ కాళ్లు. మెత్తబడటానికి అక్కడ జిగురే లేదు.

మంచిర్యాల కెమిస్ట్రీ

వెదురుకు మీ మాట నిజమే కాకా. కానీ కార్బన్ మీద గైడ్ కాలిని వార్నిష్ పట్టి ఉంచలేదు. అది పూత మాత్రమే, దారాన్నీ లోహాన్నీ కలిపి ఒక్క ముద్ద చేసే బలం దానికి లేదు. బరువైన చేపకు అది ఆగదు.

ఏటూరునాగారం వెదురు

ఎనిమిది పొరలు వేస్తే ఆగుతుంది. వాలుగనే తీశాను. ఈ ఒక్కటి మీకు వదలను.

కాజీపేట లేత్

వారం తర్వాత రాస్తున్నాను. కెమిస్ట్రీ సార్ మాట మనసులో పడి, నాలుగు బ్లాంక్ ముక్కలకు నాలుగు గొట్టాలు అతికించాను. రెండు తొందర జిగురుతో, రెండు నిదానపు దానితో. ఐదు రోజులు ఆగి, 65 డిగ్రీల నీళ్లలో పావుగంట ముంచి మెలిపెట్టాను. తొందర జిగురువి రెండూ చేత్తోనే తిరిగాయి. ఆ క్షణం నా పద్నాలుగు రాడ్లూ గుర్తొచ్చాయి. నిదానపు వాటిలో ఒకటి అసలు కదల్లేదు. రెండోది గుడ్డ చుట్టి పానాతో తిప్పితే కొంచెం కదిలింది. కదలనిది రేకుల కింద ఆరినది, కదిలింది గదిలో ఆరినది.

కాబట్టి సీటుకు తొందర జిగురు వద్దని ఒప్పుకుంటున్నాను. నా రాడ్లు ఎందుకు నిలిచాయంటే, నేను బండి మీద తిరుగుతాను, కారు లేదు, అంతే. కానీ సీటు జరిగే బాధ మాత్రం నిజమే. దానికి నేను కనుక్కున్న దారి ఇది. సీటు లోపలంతా నిదానపు జిగురు, పై అంచున ఒక్క చుక్క తొందర జిగురు. ఆ చుక్క రాత్రంతా సీటును సూటిగా పట్టుకుంటుంది, బలం లోపలిది ఇస్తుంది. బయటి అలంకారపు రింగులకు కూడా తొందర జిగురే వాడతాను, వాటి మీద బరువేమీ పడదు.

వడ్డేపల్లి గాలం

లేత్ అన్నా, ముక్కలు కోసి చూసి చెప్పినందుకు దండం పెట్టాలి. ఆ ఒక్క చుక్క సంగతి నాకు తోచలేదు, అలాగే చేశాను.

పాత సీటు కోసి తీసేశాను. ఈసారి మాస్కింగ్ టేపు పెట్టలేదు. ఫాల్స్ సీలింగ్ వాళ్లు జిప్సం బోర్డు అతుకుల మీద అంటించే ఫైబర్ జాలీ టేపు చుట్టాను. జాలీ కళ్లలోంచి జిగురు బ్లాంక్ దాకా పోతుంది, కాగితంలా నీళ్లు పీల్చదు. తర్వాత మూడు రోజులు మేడ మీది రేకుల గదిలో ఉంచాను.

గైడ్లు కూడా కొత్తవాడ అన్న చెప్పిన బిగువుకు మళ్లీ చుట్టాను, ముదురు ఎరుపు. ఫినిష్ మొదటి పొర పడింది, నిజంగానే మెరూన్ అయింది. రెండో పొర పూద్దామని బ్రష్ తీసిన రోజే వాన మొదలైంది. ముసురు విడిచాక వేస్తాను.